మిరపకాయల మధ్య పంచాయతీ సభ

నా చిన్నప్పుడు, మాఘమాసం వచ్చిందంటే మా ఊళ్ళో బడి గంట కన్నా ముందు తుమ్ములు వినపడేవి. మాది గుంటూరు నుంచి ఒంగోలు వైపు వచ్చే దారిలో, రోడ్డుకి ఆనుకుని ఉన్న నల్లరేగడి ఊరు. కొన్నాళ్ళు పత్తి మాటలు, కొన్నాళ్ళు మిరప మాటలు, అంతే మా లోకం. మిరప కోతలు మొదలయ్యాక చదునైన నేల ఎక్కడ కనపడితే అక్కడ కాయ ఆరబోసేవాళ్ళు. ఊరు మొత్తం మీద చదునైన నేల మా బడి ఆటస్థలం. అందుకని ఏటా రెండు మూడు నెలలు అది ఆటస్థలం కాదు, కళ్లం. బడి మెట్ల దగ్గర మొదలుపెట్టి రోడ్డు దాకా నేల కనపడకుండా ఎర్రటి కాయలు. చూడటానికి ఎంత అందంగా ఉండేదో పక్కన కూర్చుని చదువుకోవడానికి అంత నరకంగా ఉండేది. మాస్టారు కిటికీలు మూయించి పాఠం చెప్పేవారు. తుమ్మిన పిల్లల్ని కోప్పడకూడదని ఆయన తనకు తానే నియమం పెట్టుకున్నారు, లేకపోతే బడి మొత్తాన్ని కోప్పడాల్సి వచ్చేది.

ఇది తప్పని మాకెవరికీ తోచలేదు. ఎండాకాలం ఎండ కాస్తుంది, బడిలో మిరపకాయలుంటాయి, అంతే అనుకునేవాళ్ళం.

నేను ఏడో తరగతికి వచ్చిన ఏడాది మా బడికి కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే ఆడపిల్లలతో ఖోఖో జట్టు కట్టించింది. మా ఊళ్ళో ఆడపిల్లలు జట్టుగా ఆడటం అదే మొదటిసారి. తొమ్మిది మందిమి. నేను పొట్టిగా ఉన్నా పరుగులో నన్ను ముట్టుకోవడం కష్టమని నాకు పెద్ద పేరు. తాలూకా ఆటల పోటీలకు మా బడి పేరు పంపించారని తెలిసిన రోజు నేను రెండు జడలూ ఊడిపోయేదాకా గంతులేశాను.

తీరా సాధన చేద్దామంటే చోటు లేదు. రోడ్డు పక్కన మట్టిలో గీతలు గీసుకుని ఆడాం. మూడో రోజున మిరప బస్తాల లారీ ఒకటి ఎదురొచ్చిన బండిని తప్పించబోయి మా గీతల మీదికే వచ్చేసింది. అందరం తలో వైపు దూకాం. ఒక పిల్ల కాలవలో పడి మోచెయ్యి చీరుకుంది. టీచరమ్మ మమ్మల్ని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆడే చోటు దొరికితే సరే, లేకపోతే పోటీల నుంచి జట్టు పేరు తీసేయిస్తానని ఆ సాయంత్రమే చెప్పేసింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. మా నాన్న అన్నం తింటూ విన్నాడు. బడిలో ఆరబోసిన కాయల్లో మావీ ఉన్నాయి, గోడ వారగా మంచి ఎండ తగిలే చోటు మాదే. వచ్చే ఏడాది ఆడుకుందువులే, కాయ ఎండకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. అందుకే నాకు మరీ ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున నేను బడికి పోకుండా అరుగు మీద మూతి ముడుచుకుని కూర్చున్నాను. అప్పుడే పంచాయతీ గుమాస్తా చంకలో పొడుగాటి పుస్తకం పెట్టుకుని, చేతిలో సిరా దిమ్మతో వచ్చాడు. అది తీర్మానాల పుస్తకం. ఏడాదికి ఒకటి రెండుసార్లు అలా వచ్చేవాడు. మా నాయనమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చేది, ఆయన పుస్తకం తెరిచి చోటు చూపించేవాడు, ఆవిడ వేలిముద్ర వేసేది. ఊళ్ళో అందరి అరుగుల మీదా అదే తంతు. గ్రామసభ అంటే గుమాస్తా ఇంటికొచ్చి మజ్జిగ తాగడం అనే నేను అనుకునేదాన్ని.

మా నాయనమ్మకు చదువు రాదు. కానీ మనవరాలికి చదువొచ్చునని పదిమందికీ చూపించుకోవడం ఆవిడకు మహా సరదా. నా మూతి చూసి, నన్ను ఊరడించడానికే కాబోలు, బొటనవేలికి సిరా అంటించుకున్నాక ఆగి నన్ను పిలిచింది.

"ఏమే, ఇందులో ఏం రాశారో కాస్త చదువు. వింటాను."

నేను చూశాను. పేజీ మీద తారీఖు తప్ప ఏమీ లేదు. కింద మాత్రం అయిదారు వేలిముద్రలు అప్పటికే పడి ఉన్నాయి. ఏమీ రాయలేదు నాయనమ్మా అన్నాను. అయితే వెనక పేజీ చదవమంది. వెనక పేజీ నిండా ఉంది. పోయినసారి సభ గ్రామస్థుల సమక్షంలో జరిగిందట. అందులో నాలుగో తీర్మానం ఇలా ఉంది. "బడి ఆటస్థలము పిల్లల ఆటలకు మిక్కిలి అనువుగా ఉన్నది. ప్రస్తుతము చేయవలసిన పని ఏమియు లేదు."

ఆ మాట రెండోసారి చదివించుకుంది. దాని కింద తన వేలిముద్ర ఏదో చూపించమంది. చూపించాను. మా నాయనమ్మ మొహంలో రంగు మారడం నేను అదే మొదటిసారి చూశాను. సిరా అంటిన వేలిని చీర చెంగుకు తుడిచేసుకుంది. ఆ చీర ఉతికించినా ఆ మరక పోలేదు.

"సభ ఎప్పుడు నాయనా?" అని అడిగింది.

రేపు పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసులో అన్నాడు గుమాస్తా. ఆయన చెడ్డవాడేం కాదు. ఎన్నిసార్లు టముకు వేయించినా ఒక్కరూ రారని, వచ్చినా కుర్చీలు లేవని, పై అధికారులకు మాత్రం పుస్తకం నిండి ఉండాలని తన బాధ తాను చెప్పుకున్నాడు. మీరు ఎండలో ఎందుకు శ్రమపడటం అన్నాడు.

"వేలు నాది కదా, నేనే మోసుకొస్తాలే. నువ్వు మజ్జిగ తాగు."

ఆయన వెళ్ళగానే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. తిన్నగా ప్రెసిడెంటు గారింటికి. ఊరికి ప్రెసిడెంటే అయినా, ఆయన్ని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి మా నాయనమ్మ. ఆయన లేచి నిలబడి, ఏం పెద్దమ్మా ఇలా వచ్చావు అన్నాడు. పది గంటలకు సభ పెడితే కోతలకు పోయినవాళ్ళు ఎలా వస్తారని ఆవిడ అడిగింది. ఆ గదిలో పదిమంది పట్టరు గదా అంది. సాయంత్రం కాయ కుప్ప చేసి పట్ట కప్పడానికి రైతులందరూ ఎలాగూ బడి దగ్గరకు వస్తారు, సభ అక్కడే పెట్టరాదా అంది. ఇందులో కాదనడానికి ఆయనకు ఏమీ దొరకలేదు. పైగా జనం వస్తే సభ నిజంగానే జరిగిందని తలెత్తుకు రాసుకోవచ్చు. సరేనన్నాడు. ఎవరు చాటుతారు పెద్దమ్మా, టముకు వేసే ఆయనకు జ్వరం అన్నాడు.

మా నాయనమ్మ నా వైపు చూసింది.

ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు కుదురుగా ఉండవు. మా ఖోఖో జట్టు తొమ్మిది మందిమీ ఇళ్ళలోంచి కంచాలు, గరిటెలు పట్టుకొచ్చాం. మోచెయ్యి చీరుకున్న పిల్ల కూడా కట్టుతోనే వచ్చింది. ఊరిని తొమ్మిది ముక్కలు చేసుకున్నాం. టముకు ఎప్పుడూ రచ్చబండ దగ్గరా, పెద్ద బజారులోనూ మోగేది. మాకు నాయనమ్మ ఒక్కటే చెప్పింది, చివరి గుమ్మం దాకా పోయి గాని వెనక్కి రావద్దని. కంచాలు మోగించుకుంటూ పరుగెత్తాం. "రేపు సాయంత్రం బడి దగ్గర పంచాయతీ సభ! మీ మాట మీరే చెప్పుకోవాలి, రండి!" కుక్కలు మా వెంట పడ్డాయి. ముసలాళ్ళు ఏమిటర్రా ఈ గోల అని బయటికొచ్చారు. ఊరికి చివర కాలవ అవతల కూలివాళ్ళ పేట ఉంది. అక్కడికి టముకు ఏనాడూ వెళ్ళలేదు. ఆ పేట నా వంతు. అక్కడ ఒకామె పొయ్యి ఊదుతూ, మేం కూడా రావచ్చా పాపా అని అడిగింది. నాకు తెలియదు. అయినా రావచ్చు అని గట్టిగా చెప్పేశాను. ముందురోజు నుంచి పరుగు లేక ముడుచుకుపోయిన ప్రాణం ఆ సాయంత్రం ఊరంతా పరుగెత్తి విచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం బడి దగ్గర ఎంత జనమో! మిరప కుప్పల మధ్య సందుల్లో, బడి మెట్ల మీద, గోడ మీద, బండ్ల మీద. కోతల నుంచి తిన్నగా వచ్చిన ఆడవాళ్ళు నెత్తి గుడ్డలు విప్పకుండానే కూర్చున్నారు. గుమాస్తా బల్ల వేసుకుని ఆ జనాన్ని చూసి రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గాలి తిరిగినప్పుడల్లా అటు పక్క వాళ్ళంతా ఒకేసారి తుమ్మేవాళ్ళు.

మొదట పోయినసారి రాసింది చదవాలని మా నాయనమ్మ కోరింది. గుమాస్తా పుస్తకం తెరిచి ప్రెసిడెంటు గారి వైపు జరిపాడు. ప్రెసిడెంటు గారు నన్ను చదవమన్నారు. నేను బల్ల దగ్గర నిలబడి చదివాను. "బడి ఆటస్థలము పిల్లల ఆటలకు మిక్కిలి అనువుగా ఉన్నది" అన్నానో లేదో, ముందు వరసలో ఒకాయన తుమ్మాడు. జనం విరగబడి నవ్వారు. నవ్వు తగ్గాక కోపం మొదలైంది. ఇలా ఎవరు రాశారని ఒకరు, రాసినవాణ్ణి నిలబెట్టి అడగాలని మరొకరు. కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు బల్ల దగ్గరికి వచ్చేశారు. గుమాస్తా పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు.

మా నాయనమ్మ లేచి వాళ్ళకీ ఆయనకీ మధ్య నిలబడింది.

"ఆయన్ని అనకండి. కింద నా వేలిముద్ర ఉంది. నా మనవరాలు ఆడుకునే చోటు గురించి రాసిన అబద్ధానికి నేనే ముద్ర వేశాను. మీరూ వేశారు, కావాలంటే పిల్ల పేర్లు చదువుతుంది."

పేర్లు చదవమని ఎవరూ అడగలేదు. కుర్రాళ్ళు వెనక్కి తగ్గి కూర్చున్నారు. తన తప్పు తాను ముందు చెప్పుకున్న మనిషి ముందు ఎంత జనమైనా ఎలా మెత్తబడతారో ఆ రోజు చూశాను.

అప్పుడు మా నాన్న లేచాడు. ఆయన మాట సూటిగా ఉంటుంది. "పిల్లలు ఒక ఏడాది ఆడకపోతే ఏం కాదు. కాయ తడిసి తాలు పడితే ఆ ఏడాది మళ్ళీ రాదు. ఇక్కడి నుంచి ఎత్తి ఎక్కడ పోసుకోమంటారు? ఎవరైనా చోటు చూపించండి, ఈ క్షణం ఎత్తేస్తా." రైతులందరూ అవునన్నారు. నిజమే మరి. చోటు ఏదీ?

నాయనమ్మ నా వైపు తిరిగి, ఇంట్లో ఏడ్చావు కదా, ఆ మాట ఇక్కడ చెప్పు అంది. ఎదురుగా మా నాన్న. చుట్టూ ఊరు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. లారీ సంగతి చెప్పాను. ఎవరు ఎటు దూకారో చెప్పాను. మోచెయ్యి చీరుకున్న పిల్లను లేచి కట్టు చూపించమన్నాను. మాకు మొత్తం వద్దు, గీతలు గీసుకునేంత చోటు ఇస్తే చాలు అనబోయి మధ్యలో పెద్ద తుమ్ము తుమ్మాను. మళ్ళీ నవ్వారు. కానీ ఈసారి నవ్వులో వెక్కిరింత లేదు.

ఆ నవ్వు అణుగుతుండగా వెనక గోడ దగ్గర నుంచి ఒక ఆడగొంతు వినపడింది. పొయ్యి ఊదుతూ నన్ను అడిగిన కూలి పేట ఆమె. కాలవ గట్టున పంచాయతీ పోరంబోకు ఉంది కదయ్యా, అంతా కంప పెరిగిందని ఎవరూ అటు చూడరు గాని లోపలంతా గట్టి నేల, పల్లం లేదు, నీళ్ళు నిలవవు, పుల్లలకు రోజూ పోతాను కాబట్టి తెలుసు అంది. ఈ బడి దొడ్డికి రెండింతలు ఉంటుందట. ఆ కంప కొట్టాలంటే నెల పడుతుందని ఎవరో అన్నారు.

"ఒక్కరు కొడితే నెల. ఊరంతా కొడితే పూట" అంది ఆమె.

ఆ తర్వాత ఒక అరగంట అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరికి ఎన్ని గొడ్డళ్ళున్నాయి, ఎవరి బండి ఖాళీ, కాలవ దాటడానికి దారి ఎటు. మా నాన్న కూడా మాట్లాడాడు, అందరికన్నా గట్టిగా. నేల అలికి ఆరనివ్వకుండా కాయ పోస్తే బూజు పడుతుంది, ముందు పేడనీళ్ళతో అలకాలి అన్నాడు. అంటే ఆయన మనసులో అప్పటికే కాయ అక్కడ పోసేశాడన్నమాట.

గుమాస్తా తీర్మానం రాశాడు. నన్ను చదవమన్నారు. కంప త్వరలో కొట్టించబడును అని ఉంది. మా నాయనమ్మ ఆపింది. "త్వరలో అంటే ఎప్పుడు నాయనా? రోజు పేరు రాయి." ఆయన త్వరలో అన్న మాట కొట్టేసి ఎల్లుండి ఆదివారం అని రాశాడు. అది కూడా చదివించుకుని, అప్పుడు వేలు చాచింది. ఆవిడ వెనక వరస కట్టారు. సిరా దిమ్మ ఆరిపోతే మాస్టారు బడిలోంచి సిరా తెచ్చి పోశారు.

ఆదివారం మా ఊళ్ళో పండగలకు కూడా అంత సందడి చూడలేదు. తెల్లారేసరికే గొడ్డళ్ళ చప్పుడు. మొదటి వేటు మా నాన్నదే. మగవాళ్ళు కంప నరికితే ఆడవాళ్ళు పంగల కర్రలతో ఈడ్చి కుప్పలు వేశారు. పేట వాళ్ళూ పెద్ద బజారు వాళ్ళూ ఒకే వరసలో వంగి పనిచేశారు. ప్రెసిడెంటు గారి తెల్ల పంచె మోకాళ్ళ దాకా చిరిగింది. గుమాస్తా బిందెతో మజ్జిగ పంచుతుంటే, ఇన్నాళ్ళూ తాగిన బాకీ తీర్చుకుంటున్నాడని ఆడవాళ్ళు ఏడిపించారు. మేం తొమ్మిది మందిమీ ఎండుపుల్లలు ఏరుతూ, పాటలు పాడుతూ, అవసరమున్నా లేకున్నా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు పెట్టాం. ఒక్క పూటలో కాలేదు గాని పొద్దు వాలేసరికి అయింది. కాలవ గట్టున అంత విశాలమైన నేల అన్నాళ్ళూ దాక్కుని ఉందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

ఆ పరుగుల్లో నా అరికాల్లో తుమ్మముల్లు దిగింది. మా నాన్న నన్ను బండి మీద కూర్చోబెట్టి, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ముల్లు తీస్తున్నాడు. సభ అయ్యాక ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. నలుగురిలో ఆయనకు ఎదురు మాట్లాడినందుకు ఇప్పుడు తిడతాడని బిగుసుకుపోయి ఉన్నాను. ఆయన ముల్లు బయటికి లాగి, చూపించి, పారేసి అన్నాడు.

"మొన్న నువ్వు చెప్పింది బాగానే ఉంది. కానీ ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది. వెనక గోడ దగ్గర వాళ్ళకి సగం వినపడలేదు."

అంతే అన్నాడు. లేచి గొడ్డలి పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ బండి మీద కూర్చుని నొప్పితో కాదు, సంతోషంతో ఏడ్చాను.

రెండు రోజులు అలికిన నేల ఆరనిచ్చి, కాయ మొత్తం బండ్ల మీద కాలవ గట్టుకు చేరవేశారు. బడి ముందు మట్టి మళ్ళీ కనపడింది. వారం రోజులు ఆ మట్టి కూడా ఘాటుగానే ఉంది, పడి లేస్తే మోకాళ్ళు మండేవి. అయినా ఆడాం. తాలూకా పోటీలకు మా వెంట మూడు బండ్ల జనం వచ్చారు. మేం మొదటి ఆటలోనే ఓడిపోయాం. మాకన్నా వాళ్ళు బాగా ఆడారు, దాచాల్సిందేమీ లేదు. కానీ తిరిగొచ్చేటప్పుడు బండిలో మా జనం చేసిన అల్లరి చూసి దారిలో వాళ్ళంతా మేమే గెలిచామనుకున్నారు.

పెళ్ళయ్యాక నేను గుంటూరు పక్కన ఒక కాలనీకి వచ్చేశాను. ఇప్పుడు అరవై దాటాయి. మా వార్డులో సభ పెడితే వెళ్తాను. మురుగుకాలవ మూత గురించో, వీధి దీపం గురించో, పిల్లల పార్కు గేటుకి వేసిన తాళం గురించో అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది. ముందురోజు మా వీధిలో గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెబుతాను. చివరి వరసలో అద్దెకు ఉండేవాళ్ళు, మేం కూడా రావచ్చా అండీ అని అడుగుతారు. రావచ్చు అంటాను, ఇప్పుడు తెలిసే అంటాను. కాగితం మీద ఉన్నది చదవకుండా సంతకం పెట్టను. త్వరలో అని రాస్తే రోజు పేరు అడుగుతాను. వార్డు సచివాలయంలో కుర్రాళ్ళు నన్ను చూడగానే నవ్వుతూ క్యాలెండర్ తీస్తారు.

మాట్లాడటానికి లేచేటప్పుడు మాత్రం ఇన్నేళ్ళయినా భయం పోలేదు. అప్పుడు ముందు కూర్చున్న పెద్దల వైపు చూడను. వెనక గోడకు ఆనుకుని నిలబడిన మనిషిని ఒకరిని వెతుక్కుని, ఆ మనిషికి వినపడేలా మొదలుపెడతాను.